మంగి ఓడలో ఇనుము

కోరుట్ల,
12 జూన్ 2024.

విఠలన్నా, దండాలు!

నిలబడి చదువుతుంటే కూర్చో. కూర్చుని ఉంటే మంచం పట్టె గట్టిగా పట్టుకో. మన మంగి బతికే ఉంది!

అవునన్నా, మన ఐ.ఎన్.ఎస్. మంగినపూడి. సముద్రంలో శత్రువులు పాతిన మైన్లను ఏరేసిన మన చెక్క ఓడ. నువ్వూ నేనూ ఎనిమిదేళ్ళు తిన్నదీ, పడుకున్నదీ, వాంతులు చేసుకున్నదీ అందులోనే కదా. నేవీ వాళ్ళు దాన్ని తుక్కు కింద అమ్మేశారని విని ఇన్నాళ్ళూ ఏడ్చాం. అమ్మింది నిజమే గానీ అది తుక్కు కాలేదు. కాకినాడలో ఒక కంపెనీ కొని, మైన్లు ఏరే సామానంతా పీకేసి, వెనక పెద్ద క్రేన్ బిగించి, మునిగిపోయిన పడవలను పైకి తీసే ఓడగా మార్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా మంగి అదే పని చేస్తోంది. మనం రిటైరై మోకాళ్ళకు నూనె రాసుకుంటుంటే అది ఇంకా డ్యూటీలో ఉంది, సిగ్గుపడాలి మనం!

ఆ కంపెనీ మేనేజర్ జాన్ నాకు ఉత్తరం రాశాడు. ఈ ఏడుతో మంగికి యాభై నిండుతాయట, పనిలోంచి తప్పిస్తున్నారట. దాని సర్వీసు చరిత్రంతా ఒక చిన్న పుస్తకంగా వేయాలని ఆయన కోరిక. నేవీ కాలం నాటి వాళ్ళలో ఆయనకు దొరికింది మనిద్దరమే. "పుస్తకం మా బిడ్డ అనూష జగిత్యాల డి.టి.పి. సెంటర్‌లోనే అచ్చు వేస్తుంది, విడుదల కూడా జగిత్యాలలోనే, మీరే రావాలి" అని నేను ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఒప్పుకున్నాడు. అక్టోబర్‌లో సభ.

ఇంట్లో గంతులు వేస్తుంటే నీ మరదలు రాజవ్వ చూసి, "మంగి మంగి అని ఎగురుతున్నవ్, పొద్దుగాల పాల పాకెట్ తెమ్మంటే కాళ్ళు గుంజుతున్నయంటివి గదా!" అంది. పాల పాకెట్ తెచ్చి ఇచ్చాకే ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

ఫోన్ చేద్దామంటే మరమగ్గాల చప్పుడు నీ చెవులు తినేసింది. వాట్సాప్ పెడితే నీకంటే ముందు మీ ఇల్లంతా చదువుతుంది. అందుకే ఉత్తరం. నీకు గుర్తున్నవన్నీ రాసి పంపు.

నీ తమ్ముడు
రాజమల్లు


సిరిసిల్ల,
21 జూన్ 2024.

తమ్మీ రాజమల్లూ, ఆశీస్సులు.

నీ ఉత్తరం చదువుతూ నేను మంచం పట్టె పట్టుకుంటే మీ వదిన వసంత పరిగెత్తుకొచ్చి, "ఎవలు వోయిండ్రు?" అని అడిగింది. "పోయిందనుకున్నామె తిరిగి అచ్చింది" అన్నాను. ఆమె ఎవరో చెప్పేలోపు వంటింట్లో రెండు గిన్నెలు గట్టిగా కిందపడ్డాయి. మంగి అంటే ఓడ అని ఒప్పించడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

పుస్తకంలో మొదటి పేజీలో ఇది రాయించు, లేకపోతే చదివేవాళ్ళకు తలా తోకా తెలియదు. నీళ్ళలో దాగిన మైను, పైనుంచి ఇనుము పోతే గుర్తుపట్టి పేలుతుంది. అందుకని మైన్లు ఏరే ఓడను చెక్కతో కట్టారు. మేకులు ఇత్తడివి. మన బెల్టు బిళ్ళలు ఇత్తడివి. సొంత సామానులో ఇనుప ముక్క ఒక్కటి ఉండకూడదు. ఇంజన్ల ఇనుమును తప్పించలేం కాబట్టి ఓడ చుట్టూ తీగ చుట్టి, కరెంటు పంపి దాని గుణాన్ని అణిచేవాళ్ళం. ఆ తీగ నా డ్యూటీ. మూడు నెలలకొకసారి, ఓడలో ఇంకా ఎంత ఇనుప గుణం మిగిలిందో మీటరు ముల్లుతో కొలవడమూ నా డ్యూటీ.

ఇప్పుడు అసలు మాట. 1988 గురించి జాన్ ఏం రాశాడు? ఆ ఫిబ్రవరిలో ముల్లు హద్దు దాటింది. "కుడివైపు వెనక భాగంలో, కింది పడకల దగ్గర ఇనుముంది" అని నేను రాసిచ్చాను. వెతికారు, దొరకలేదు. ఇరవై మూడు రోజులు మంగిని రేవులోనే కట్టేశారు. విశాఖలో పెద్ద పరేడుకు ఓడలన్నీ ముస్తాబై వెళ్తుంటే మనం ఒడ్డున నిలబడి చూశాం. చివరికి ఎవరో ఆఫీసర్ వచ్చి, తీగలో కరెంటు పెంచి ముల్లును లొంగదీసి, "ఇనుమేమీ లేదు" అని రాసి పోయాడు. కెప్టెన్ సాబు నా పేరు పెట్టి "కొలిచినవాడి నిర్లక్ష్యం" అని రాశాడు. నాకు రావలసిన ప్రమోషన్ పోయింది.

ఆ వాక్యం పుస్తకంలో ఉంటే నేను సభకు రాను. లేకపోతే రెండు కొత్త అంగీలు కుట్టించుకుని మరీ వస్తాను.

విఠల్


కోరుట్ల,
9 జూలై 2024.

విఠలన్నా,

ముందు మంగి ముచ్చట్లు విను. జాన్ కట్టలు కట్టలు పంపుతున్నాడు, చదివి చదివి నాకు నవ్వి నవ్వి కడుపునొప్పి వచ్చింది.

ఇప్పటిదాకా మంగి పైకి తీసిన పడవలు రెండు వందల పన్నెండు! ఒకప్పుడు మైను కనిపిస్తే దూరం జరిగి తుపాకీతో పేల్చిన మన ఓడ, ఇప్పుడు మునిగిన ప్రతిదాన్నీ చంకనేసుకుని పైకి తెస్తోంది. ఒకసారి పెళ్ళి బ్యాండు వాళ్ళ సామానంతా ఉన్న పడవ గోదావరి సముద్రంలో కలిసే మొగలో మునిగింది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు. మూడో రోజు మంగి వెళ్ళి పడవను లేపింది. బ్యాండు మేస్త్రీ బాకాలోంచి నీళ్ళు ఒంపేసి అక్కడికక్కడే ఊదాడట. డప్పు కొట్టబోతే అందులోంచి ఒక పీత దిగి, కొండీలు రెండూ పైకెత్తుకుని, జనం మధ్యలోంచి దర్జాగా నడిచి వెళ్ళిందట. అది పెద్ద పీతట అన్నా, అరచేయంత! ఇంకోసారి కొబ్బరికాయల పడవ. కాయలు వాటంతటవే తేలి ఒడ్డుకు పోయాయి, మంగికి ఖాళీ పడవే దక్కింది.

ఇక 1988 గురించి. నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ సంవత్సరాన్నే తీసేద్దాం. 87 తరువాత 89. ఎవరు లెక్కపెడతారు? ఎక్స్‌ప్రెస్ బస్సు ఆపని స్టేజీలు ఎన్ని లేవు! ఇదే మాట అనూషతో అంటే, "సంవత్సరం మాయం జేస్తే ఎట్ల బాపూ? సదివేటోళ్ళు గుడ్డోళ్ళా?" అంది. జాన్ కూడా పట్టు విడవడం లేదు. నేవీ ఫైలులో ఉన్న మాటను మార్చాలంటే, అది తప్పని అప్పటి మనిషి ఎవరైనా తెలిసినది రాసి సంతకం పెట్టాలట.

చూద్దాంలే. ఎండలు తగ్గాయి. మీ దగ్గర వానలు ఎట్లా ఉన్నాయి? వసంత వదినకు దండాలు.

రాజమల్లు


సిరిసిల్ల,
17 జూలై 2024.

తమ్మీ,

నువ్వు రాసిన దాంట్లో పీతకు దక్కినన్ని మాటలు 1988కి దక్కలేదు. పైగా మాట మార్చి వానల గురించి అడుగుతున్నావు. నీకు ఏమైంది?

అప్పటి మనిషి సంతకం కావాలంటే నువ్వున్నావు కదా. నా పక్కన మూడు గజాల దూరంలో పడుకున్నవాడివి. విచారణ రోజు నాకంటే ఎక్కువ ఏడ్చినవాడివి. మా ఇంటివాళ్ళు కూడా నాకోసం అట్లా ఏడవలేదు. ఆ ఏడుపు చూసే నేను నిన్ను ఇన్నేళ్ళుగా తోడబుట్టినవాడికంటే ఎక్కువ అనుకుంటున్నాను. "విఠల్ నిర్లక్ష్యం చేసే మనిషి కాదు" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టు. చాలు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వెందుకు తప్పించుకుంటున్నావో నాకు అర్థం కావడం లేదు.

విఠల్


జగిత్యాల,
4 ఆగస్టు 2024.

విఠలన్నా,

అనూష సెంటర్‌లో కూర్చుని రాస్తున్నాను. ఇందాక ఆమె 1988 పేజీ కంప్యూటర్ మీద చూపించింది. నీ పేరు, దాని పక్కన "నిర్లక్ష్యం" అనే మాట. ఇంత పెద్ద అక్షరాల్లో చూసి, ఆమెను కాగితమూ పెన్నూ అడిగి తీసుకున్నాను. ఇక దాచలేను.

ఆ ఇనుము నాది.

మా బాపు కల్లు గీయడానికి తాళ్ళెక్కే మనిషి అని నీకు తెలుసు. నేను నేవీకి పోయేముందు ఆయన తన గీత కత్తిని మా కులదేవుడు కాటమయ్య ముందర పెట్టి, బొట్టు పెట్టి, నా చేతిలో పెట్టాడు. "గౌండ్లోని పుట్టుక పుట్టి నడుముకు కత్తి లేకుండ ఎత్తెక్కద్దు బిడ్డా. సెట్టయినా, ఓడ మీది కట్టయినా ఒక్కటే" అన్నాడు. మంగిలో జెండా కట్టడానికి స్తంభం ఎక్కేది నేనే కదా. కత్తి లేకుండా ఎక్కితే పడతానని ప్రాణభయం. బయటికి తీస్తే సాబు చంపుతాడని ఇంకో భయం. బట్టల కింద దాచుకుని, ఎక్కే రోజు మాత్రం చొక్కా లోపల పెట్టుకునేవాణ్ణి. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు చూడు!

నవ్వించబోయాను, రాలేదు. క్షమించు.

నువ్వు "ఇనుముంది" అని రాసిచ్చిన రోజు, వెతకడానికి వస్తున్నారని తెలిసి, నా పడక వెనక చెక్క పలక ఊడదీసి కత్తిని లోపలికి తోసేశాను. తరువాత ఆ పలకకు వడ్రంగి కొత్త మేకులు కొట్టాడు, ఇక తీయడానికి వీల్లేకపోయింది. విచారణలో నువ్వు నిలబడి "నా కొలత సరైనదే సాబ్" అంటుంటే నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏడ్చింది నీ కోసం కాదన్నా. దొరికిపోతానని భయంతో ఏడ్చాను. నువ్వు నా భుజం తట్టి "ఏడ్వకు తమ్మీ" అన్నావు. ఆ చెయ్యి బరువు ఇంకా ఉంది నా భుజం మీద.

మైను ఏదైనా ఆ కత్తిని గుర్తుపట్టి ఉంటే ఓడలో ఉన్న అందరమూ పోయేవాళ్ళం. అదీ తెలుసు నాకు.

ఇదంతా రాసి సంతకం పెట్టి జాన్‌కు పంపుతున్నాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే. సభలో నాకు శాలువా కప్పుతామన్నారు. వద్దని చెప్పేశాను.

రాజమల్లు


సిరిసిల్ల,
13 ఆగస్టు 2024.

శ్రీ రాజమల్లు గారికి,

మీ ఉత్తరం అందింది.

గీత కత్తి బరువు ఎంత ఉంటుంది? అరకిలో, మహా అయితే ముప్పావు కిలో. ఆ రోజు ముల్లు చూపించింది కనీసం పదిహేను కిలోల ఇనుము. ఆ అంకె నాకు నా పెళ్ళి తారీకు కంటే బాగా గుర్తు. ఒక్క కత్తికి ముల్లు అంత తిరగదు.

అంటే నామీద జాలిపడి కత్తిని కల్పించారు. చనిపోయిన తండ్రిని కూడా సాక్ష్యానికి తెచ్చారు. కథ బాగుంది, కాటమయ్య ఇంకా బాగున్నాడు. కానీ నన్ను కాపాడటానికి నాకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. అబద్ధం కావలసి వచ్చిందంటే అక్కడ ఇనుము లేనట్టే కదా; నేను ఆ పూట లేనిది కొలిచాను. నా చేయి తప్పింది. ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది, అంతే.

ఫైలులో ఉన్నది ఉన్నట్టే అచ్చు వేసుకోండి. సభకు నేను రావడం లేదు.

విఠల్


కోరుట్ల,
5 సెప్టెంబర్ 2024.

అన్నా! విఠలన్నా! ఓ మొండి మనిషీ!

నేను దొంగనని ఒప్పుకుంటే నమ్మని మనిషిని లోకంలో నిన్నొక్కణ్ణే చూశాను. "నేను నిజంగా దొంగనే" అని రుజువు చేయడానికి మూడు వారాలు తిరిగాను తెలుసా? రాజవ్వ అయితే, "గా కత్తి సంగతి నాకు పెండ్లయిన నెలకే చెప్తివి గదా, నన్ను తోలుకవో, నేను చెప్తా ఆయినెకు" అని చెప్పులు వేసుకుని బయలుదేరింది. నువ్వు ఆమెను కూడా కల్పితం అంటావని ఆపాను.

జాన్‌ను బతిమాలాను. మంగికి క్రేన్ బిగించేటప్పుడు పాత చెక్క పలకలు ఊడదీశారు కదా, ఒక కత్తి దొరికిందేమో చూడమన్నాను. ఆయన గోదాములో పాత పుస్తకాలు తిరగేసి, అప్పటి కంపెనీ వడ్రంగి రాసిన జాబితా పట్టుకున్నాడు. దాని నకలు ఈ ఉత్తరంతో పెడుతున్నాను. "కుడివైపు వెనక భాగం, కింది పడకల వెనక పలకల్లో దొరికినవి." స్థలం చూశావా? నువ్వు రాసిచ్చిన మాటలే!

కూర్చున్నావా? చదువు. గీత కత్తి ఒకటి, అది నాది. కేరళ ఆలప్పుళ కుర్రాడి కొబ్బరి కోరాము. బెంగాలీ వంటవాడి చేపలు కోసే కత్తిపీట. సర్దార్ రోజూ పొద్దున్నే "నేను ఉత్త చేతులతోనే కసరత్తు చేస్తాను" అనేవాడు గుర్తుందా? ఐదేసి కిలోల ఇనుప గుండ్లు రెండు! ఒక గుర్రపు నాడా. రెండు తాళాలు, తాళంచెవులు లేవు. ఇట్లా మొత్తం పదిహేడు వస్తువులు. వెతకడానికి వస్తున్నారంటే నేనొక్కణ్ణే పలక ఊడదీశాను అనుకున్నాను. ఆ పూట అందరూ అదే పని చేశారన్నా! అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం!

ఇంకా ఉంది. పదిహేడోది దోసెల పెనం. పిడి మీద కెప్టెన్ సాబు భార్య పేరు చెక్కి ఉంది. సాబు దాన్ని వంటవాడి చేతికిచ్చి దాచిపెట్టించి, తరువాత బల్ల దగ్గర కూర్చుని నీ నిర్లక్ష్యం గురించి సంతకం పెట్టాడు. ఆదివారాలు సాబు గదిలోంచి దోసె వాసన వస్తే మనం దెయ్యం అనుకున్నాం!

వడ్రంగి అన్నీ కలిపి తూకం వేశాడు. పదహారు కిలోల పైచిల్లర.

నీ అంకె ఎంతన్నావు?

జాన్ 1988 పేజీ తిరగరాయమన్నాడు. నేనే రాశాను, సభలో నేనే చదువుతాను. నామీద కోపం ఉంటే ఉండనీ, అది నాకు రావలసిందే. కానీ అంగీలు కుట్టించుకుని రా.

నీ తమ్ముడు, దొంగ
రాజమల్లు


సిరిసిల్ల,
24 అక్టోబర్ 2024.

తమ్మీ రాజమల్లూ,

జగిత్యాల సభ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. అక్కడ మైకుల గోలలో నాకు ఏమీ వినపడలేదు, నేను చెప్పింది నీకు వినపడినా ఏడుపు తప్ప మాట రాలేదు. కాబట్టి రాస్తున్నాను.

నువ్వు 1988 పేజీ చదువుతుంటే నేను నీ పెదవుల వంకే చూశాను. "నేను ఓడలోకి ఇనుము తెచ్చాను, నేను దాచాను, విఠల్ కొలత సరైనది" అన్నచోట ఆగి మళ్ళీ మొదటినుంచి చదివావు. ఎందుకు రెండోసారి చదివావని వసంతను అడిగాను. "ముందటి వరుసోళ్ళు నవ్వుతున్నరు, మంచిగ ఇనలేదని మల్ల సదివిండు" అంది. కోరుట్ల నుంచి నీ వాళ్ళంతా వచ్చిన సభలో, శాలువా లేకుండా నిలబడి, నీ దొంగతనం రెండుసార్లు చదివావు. అది చాలు నాకు. ఇక కోపం లేదు. ఉండేది, ఆగస్టులో కాదు, జాబితా వచ్చిన రోజు. నిజంగానే నువ్వు దాచావని తెలిసిన రోజు ఒక పూట అన్నం తినలేదు. రెండో పూటకు ఆ పెనం గుర్తొచ్చి నవ్వొచ్చింది, పొలమారింది, వసంత నెత్తి మీద చరిచింది. దోసెలు తిన్నాను, ఆరు.

నీకు ఎన్నడూ చెప్పనిది ఒకటి చెప్తాను. నౌకరీ విడిచి వచ్చి మగ్గాలు పెట్టిన రోజు నుంచి నేను కొలిచిన బట్ట నేను కోయలేదు. కొలిచి, గుర్తు పెట్టి, వసంతను పిలిచేవాణ్ణి. ఆమె మళ్ళీ కొలిచి సరే అంటేనే కత్తెర పెట్టేవాణ్ణి. పొయ్యి మీద కూర మాడుతున్నా వచ్చేది. జ్వరంతో ఉన్నా వచ్చేది. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. పనివాళ్ళు అది మా ఇంటి ఆచారం అనుకునేవాళ్ళు. నా చేతిని నేను నమ్మడం మానేశాను తమ్మీ, అంతే సంగతి.

నిన్న పొద్దున పెద్ద బట్ట తాను విప్పి కొలిచాను. ఎప్పటిలాగే వసంత టేపు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. అవసరం లేదు అన్నాను. "పానం మంచిగున్నదా నీకు?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మంచిగానే ఉన్నది అన్నాను. ఆమె అక్కడే గడప మీద కూర్చుండిపోయింది, టేపు ఒళ్ళో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నవ్విందో ఏడ్చిందో నాకు వినపడదు కదా.

నేను కత్తెర పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కోసేశాను. కోసిన తరువాత మళ్ళీ కొలవలేదు.

విఠల్